వానకు లేచిన చెయ్యి

గుర్రం ఇక లేవదని శరభాంకుడికి తెలిసిపోయింది. ముందుకాళ్లు మడిచి ఇసుకలో కూలబడ్డ ఆ మూగజీవం మెడ నిమిరి, కళ్లెం విప్పి, తోలుతిత్తిలో మిగిలిన కాసిని నీళ్లూ దాని నోట్లో పోశాడు. తర్వాత వెనక్కి చూడకుండా నడక సాగించాడు. ఎదురుగా సముద్రం, సముద్రపు ఒడ్డున వేలాపురి, వేలాపురి నడిబొడ్డున మాంత్రికుడు ఘోరశంఖుడు కట్టిస్తున్న మూడు కప్పుల మేడ. ఆ మేడలో ఎక్కడో అతని చెల్లెలు కురంగి బందీగా ఉంది. పొద్దు గుంకేలోగా ఆమెను బయటికి తేలేకపోతే ఇక ఆ పిల్ల మరో పొద్దు చూడదు.

ఆ మేడ సంగతి చెప్పాలంటే మూడు దేశాల సంగతి చెప్పాలి. కంగారు పడకండి, గుర్రం పోయినవాడు కాలినడకన ఊరు చేరేలోగా చెప్పేస్తాను.

పూర్వం ఈ నేలంతా ఆదికేసరి అనే ఒకే రాజు ఏలుబడిలో ఉండేది. ఆయన పోగానే ముగ్గురు కొడుకులూ వంటపాత్రలు పంచుకున్నట్టు రాజ్యం పంచుకున్నారు. పెద్దవాడికి కొండల నడుమ శోణగిరి, నడిపివాడికి నదీతీరపు మాగాణి మధుమంతం, చిన్నవాడికి సముద్రపు ఒడ్డున వేలాపురి. భాష ఒకటే, దేవుళ్లు వాళ్లే, పెళ్లిపాటలు అవే. ఇళ్లు మాత్రం వేరైపోయాయి.

కొండల్లో రాతికి కొదవ లేదు, వానకే కరువు. అందుకని శోణగిరివాళ్లు మూరెడు మందాన రాతిగోడలు లేపి, దూలాలు పరిచి, ఆ మీద చవుడు మన్ను మెత్తి మిద్దెలు కట్టుకున్నారు. జొన్నలు ఎండేది మిద్దె మీద, ఎండాకాలం పడక మిద్దె మీద, ఇరుగుపొరుగు తగువులు తీరేదీ మిద్దె మీదే. ఇంటి లోపల మాత్రం పట్టపగలు చీకటి. దానికని కప్పు నడుమ ఒక కంత పెట్టి గవాక్షి అని పేరు పెట్టారు. పొయ్యి పొగ పోయేదీ, సూర్యుడు లోపలికొచ్చేదీ దాన్లోంచే. పురిటి మంచం కూడా దాని కిందే వేస్తారు, బిడ్డ కళ్లు తెరవగానే వెలుగు చూడాలని.

మధుమంతంలో వాన విస్తారం, కలప విస్తారం, తీరిక ఇంకా విస్తారం. వాళ్ల లోగిళ్లలో నట్టనడుమ మండువా, ఆకాశానికి నోరు తెరిచి ఉంటుంది. నాలుగు వైపుల నుంచీ పెంకుల చూరు దాని మీదికి వాలుతుంది. చినుకు పడిందంటే ఆడవాళ్లు గంగాళాలు తెచ్చి చూరుధార కింద పెడతారు, మగవాళ్లు చిలకలూ లతలూ చెక్కిన స్తంభాలకు ఆనుకుని తాంబూలం నములుతూ ఆ ధార చూస్తారు. వేలాపురిలో అంత సుఖం లేదు. అక్కడి గాలికి ఇంటి మూల కనబడితే చాలు, పట్టుకుని పీకుతుంది. అందుకని వాళ్లు మూలలే లేకుండా గుండ్రంగా మట్టిగోడ పెట్టి, దాని మీద తాటాకు కప్పు గొడుగులా దించి, లావుపాటి మోకులతో ఆ కప్పును నేలలో పాతిన గుంజలకు బిగించి కడతారు. ఆ చుట్టిళ్ల గుమ్మం ఎప్పుడూ ఊరివైపే, సముద్రం వైపు ఇంటి వీపు.

ఇక వెక్కిరింతలకు లోటేముంది? వేలాపురివాళ్లు బుట్ట బోర్లించి దాని కింద కాపురం చేస్తారని శోణగిరివాళ్లు నవ్వుతారు. శోణగిరివాళ్లు ఇంటి నెత్తిన చిల్లు పెట్టుకున్నారని మధుమంతంవాళ్లు నవ్వుతారు. తమ ఇంట్లో ఉన్నది చిల్లు కాదు, ఏకంగా చెరువన్న సంగతి వాళ్లకు తట్టదు.

ఇన్ని తేడాల్లోనూ ముగ్గురూ వదలనిది నిట్రాడు ఒక్కటే. ఇల్లు కట్టేటప్పుడు అన్నిటికంటే ముందు నిలబెట్టే స్తంభం అది. మిద్దెలో గవాక్షి పక్కన, లోగిలిలో మండువా ఈశాన్యపు మూల, చుట్టింట్లో నట్టనడుమ ఉంటుంది. పసుపు రాసి, ఊరంతా మోకుకు చెయ్యి వేసి దాన్ని లేపుతారు. ఘోరశంఖుడి బుర్రలో పురుగు దొలిచింది ఇక్కడే. ఒకే నిట్రాటి మీద కింద మిద్దె, దాని పైన లోగిలి, అన్నిటికీ పైన చుట్టిల్లు నిలిపితే, ఆ మేడలో కూర్చున్నవాడికి మూడు రాజ్యాలూ దాసోహమంటాయని అతను పూజించే క్షుద్రదేవత చెప్పిందట. వేలాపురి రాజును చిలకను చేసి పంజరంలో వేలాడదీశాడు. మధుమంతం రాజు వణికిపోయి కిరీటం తనే పంపించేశాడు. శరభాంకుడి తండ్రి ఏలే శోణగిరి ఒక్కటే లొంగలేదు. లొంగని దేశంలో గవాక్షి కింద కళ్లు తెరిచిన ఆడదాన్ని సజీవంగా గుంటలో దించి నిట్రాడు లేపితే సరి అన్నది దేవత. ఒక సాయంత్రం మిద్దె మీద తల ఆరబెట్టుకుంటున్న కురంగిని ఆ మాంత్రికుడు పెనుగద్ద రూపంలో వచ్చి తన్నుకుపోయాడు. ఆమె అరుపు విని శరభాంకుడు మెట్లెక్కి వచ్చేసరికి అక్కడ ఒక గాజు ముక్క, రెండు ఈకలు మిగిలాయి.

అదీ సంగతి. ఈలోగా మనవాడు కోటగుమ్మం చేరుకున్నాడు.

అతనిప్పుడు రాజకుమారుడిలా లేడు. కొప్పు పక్కకు ముడిచాడు, మెడలో గవ్వల పేరు వేశాడు, ఒళ్లంతా చేపనూనె రాశాడు. భుజాన తెడ్డు. తెడ్డు బోలులో కత్తి.

"ఎవుడివిరా?" కావలివాడు బల్లెం అడ్డం పెట్టాడు.

"పడవోణ్ణి బావూ. సుడిగాలి కొట్టి పడవ ఇరిగిపోనాది. నడిసొచ్చినాను."

"పడవోడివైతే ముడెయ్యి," అంటూ కావలివాడు ఒక మోకు విసిరాడు.

శరభాంకుడు కళ్లు మూసుకుని, ఎడమచేత్తో, కప్పుకు వేసే రెండు చుట్ల ముడి వేసి చూపించాడు. దారిలో ఒక ముసలి వేలాపురి ఉప్పరి దగ్గర కూర్చుని చేతులు పుండ్లు పడేదాకా నేర్చుకున్న ముడి. కావలివాడు దాన్ని లాగి చూశాడు, ఊడలేదు. బల్లెం పక్కకు తప్పుకుంది. మాట నేర్చుకున్నాను, కట్టు నేర్చుకున్నాను, ముడి నేర్చుకున్నాను, ఇక నన్ను ఎవడు పట్టుకుంటాడని శరభాంకుడు లోపల కాస్త గర్వపడ్డాడు. ఆ గర్వం ఎంతసేపుందో మీరే చూస్తారు.

మూడు కప్పుల మేడ ఇంకా మేడ కాలేదు. ఆకాశాన్ని పొడిచే వెదురు పరంజాలు, వాటి మధ్య ఏనుగు తొండమంత లావున నల్లటి మాను ఒకటి నేల మీద పడుకుని ఉంది. దాని ఒళ్లంతా పసుపు, పసుపు మీద నెత్తుటిబొట్లు. పరంజాల చివరల పుర్రెల దీపాలు పట్టపగలే వెలుగుతున్నాయి. చుట్టూ మూడు వరసల కాపలా. పొద్దు గుంకే వేళ మోకు పట్టడానికి ఊరినంతా లోపలికి రానిస్తారు. ఆ గుంపులో కలిసి దూరడం ఒక్కటే దారి. అప్పటిదాకా ఎక్కడో ఒకచోట తల దాచుకోవాలి.

మేడకు కూతవేటు దూరంలో, సముద్రానికి వీపు పెట్టి, ఒక చుట్టిల్లు ఒంటరిగా ఉంది. గుమ్మంలో ఒక ముసలామె తాటినార పేనుతోంది.

"దాహమేస్తంది అవ్వా," అన్నాడు శరభాంకుడు.

"దాహమేటి, నీ మొకం సూస్తే ఆకలి కూడా కనబడతంది. రా బాబూ, కూకో. అంబలుంది," అంటూ ఆమె లేచింది. ఆమె పేరు మాచవ్వ.

అంబలి పోస్తూ ఆమే మాటల్లో పడింది. కొడుకు కొమరయ్య మేడ దగ్గర దళపతిట. ఇంటికొచ్చి కంచంలో చెయ్యి పెట్టి నెల్లాళ్లయిందట. శరభాంకుడు అంబలి ముంత కింద పెట్టాడు. దళపతి ఇంట్లోనే దూరాను, ఇది అదృష్టమో అగాధమో అనుకుంటూ పైకి నింపాదిగా అడిగాడు.

"అయితే నువ్వు కూడా మోకు పట్టడానికి ఎల్తావా అవ్వా?"

"నానెల్లను." ముసలామె గరిటె కుండలో విసురుగా వేసింది. "ఎవుల్దో ఆడకూతుర్ని కిందేసి లేపే నిట్రాటికి నా సెయ్యి తగల్దు. ఊరు నన్ను ఎలేస్తే ఎలేసింది."

ఆ మాటకు అతనికి ఆమె కాళ్ల మీద పడాలనిపించింది. అంతలో మేడ వైపు నుంచి శంఖం మోగింది. చెవుల్లో సీసం పోసినట్టుంది ఆ మోత. ఒక్క మబ్బుతునక లేని ఆకాశంలో నలుమూలల నుంచీ నల్లటి మేఘాలు లేచి, పాముల్లా ఒకదాన్నొకటి చుట్టుకుని, ఊరి మీద కప్పుకున్నాయి. ఎర్రటి మెరుపు మెరిసింది. సముద్రం మీద గాలి లేచింది. వీధిలో జనం "మోకులు, మోకులు!" అని అరుచుకుంటూ ఎవరి కప్పు దగ్గరికి వాళ్లు పరిగెత్తారు. మొదటి చినుకు తాటాకు మీద టప్పుమంది.

శోణగిరిలో మొదటి చినుకు మిద్దె మీద పడగానే, ఎవరు దగ్గరుంటే వాళ్లు గవాక్షి తాడు లాగి మూతపలక దించాలి. లేకపోతే పొయ్యి ఆరిపోతుంది, పొయ్యి పక్కన పడుకోబెట్టిన పసిబిడ్డ తడిసిపోతుంది. మాటలు రాకముందే చేతికి అలవడే పని అది. రాచబిడ్డలకైనా తప్పదు.

శరభాంకుడు చటుక్కున లేచి కుడిచెయ్యి పైకెత్తాడు. అక్కడ తాడు లేదు. గవాక్షీ లేదు. తాటాకు మాత్రమే ఉంది. తను చేసిన పని అతనికి తెలిసేలోగానే, పొయ్యికి అవతల ఇంకో చెయ్యి అదే ఎత్తుకు, అదే తీరున లేచి ఉండడం కనబడింది. ముడతలు పడ్డ, గాజులు లేని చెయ్యి. మాచవ్వది.

ఇద్దరూ చేతులు అలా ఎత్తి ఉంచే ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు.

"యాడిది నాయనా, మీది?" అంది మాచవ్వ. ఆమె నోట వేలాపురి యాస ఎగిరిపోయింది.

"శోణగిరి," అన్నాడు శరభాంకుడు. ఇక దాచి లాభం లేదు. "కురంగి నా చెల్లెలు."

"అయితే రాజుగారి బిడ్డవి!" ఆమె కళ్లలో నీళ్లు గిర్రున తిరిగాయి. "నేను మీ శోణగిరిలోని ఎద్దులబండ దాన్నప్పా. ముగ్గురు రాజులూ పొత్తుగా ఉండే కాలంలో ఈ ఊరికి కోడలుగా వచ్చినా. మాట మార్చుకున్నా, కట్టు మార్చుకున్నా, కూడు మార్చుకున్నా. ఈ చెయ్యొకటి నా మాట ఇనదు. వానొస్తే లేస్తాది. నా కొడుకు చిన్నప్పుడు నవ్వేటోడు, వానకు దండం పెడతావేమే అమ్మా అని." చెబుతూ చెబుతూ ఆమె ఉలిక్కిపడింది. "దించు నాయనా, చెయ్యి దించు! ఇది దేవుడిచ్చిన వాన కాదు, శోణగిరోళ్లను పట్టేదానికి ఆ మంత్రగాడు తెచ్చిన వాన. మొన్న ఒక గాజులబేరగాణ్ణి ఇట్లనే పట్టినారు. వానొస్తే ఎవుడి చెయ్యి పైకి పోతాదో చూస్తా..."

తడిక తలుపు ఎగిరి అవతల పడింది. భటులు గుమ్మం నింపేశారు.

"సెయ్యి లేసింది దళపతీ! కంతలోంచి సూసినాను," అన్నాడు ముందున్నవాడు. "గోడ మీద నీడ పడింది. ఎవుల్దో తెలీలేదు గానీ సెయ్యి మాత్రం లేసింది."

వాళ్లను తోసుకుంటూ వచ్చిన దళపతి నిలువెత్తు మనిషి. తడిసిన మీసాలు, ఇత్తడి కవచం, నడుముకు గండ్రగొడ్డలి. అతను తల్లిని చూశాడు, కొత్తవాణ్ణి చూశాడు, కప్పు వైపు చూశాడు. అతని మొహం పాలిపోయింది. ఆ ఇంట్లో వానకు ఎవరి చెయ్యి లేస్తుందో అతనికి చెప్పాలా?

"నాదేరా కొమరయ్యా," అంది మాచవ్వ. "వానొస్తే నా చెయ్యి ఎప్పుడు లేవలేదు? ఈ పిల్లోడు దారిన పోయే పడవోడు, వాణ్ణి పోనీయండి. మీ మంత్రగాడికి గవాక్షి కింద పుట్టిన ఆడది కావాలంట గదా. నేనూ గవాక్షి కిందే పుట్టినా. ఆ చిన్నదాన్ని పైకి తీసి నన్ను పాతిపెట్టమను. నేను చూడాల్సిన వానలన్నీ చూసేసినా."

భటులు మొహాలు చూసుకున్నారు. శరభాంకుడు నోరు మూసుకుంటే చాలు. కురంగి బతుకుతుంది, తనూ బతుకుతాడు. అంబలి పోసిన ముసలామె మాత్రం మట్టికింద పోతుంది. అతను తెడ్డు మోకాలికేసి విరిచి కత్తి దూశాడు.

"ఆ చెయ్యి నాది," అన్నాడు. "నా పేరు శరభాంకుడు. శోణగిరి యువరాజును. ఈ అవ్వకు నా సంగతేమీ తెలియదు. ఆమె మీద చెయ్యి వేస్తే మీలో ఒక్కడు కూడా ఈ గడప దాటడు."

"వాడు అబద్ధాలు చెబుతుండాడు," అంది మాచవ్వ మొండిగా.

వాన హోరున కురుస్తోంది. సముద్రపు గాలి కప్పును కింద నుంచి ఎత్తిచూస్తోంది, మోకులు కిర్రుమంటున్నాయి. చివరికి కొమరయ్య భటుల వైపు తిరిగాడు.

"అందరూ బయటికి నడండి. గుమ్మానికి ఎదురుగా గుంపుగా నిలబడండి, ఎలక కూడా తప్పించుకోకూడదు. నాను ఎనకపక్క సూసొస్తాను, ఇంకెవుడైనా నక్కినాడేమో."

భటులు బయటికి నడిచారు. కొమరయ్య అడుగులు ఇంటి చుట్టూ తిరిగి సముద్రం వైపు ఆగాయి. తర్వాత ఠక్కున ఒక చప్పుడు. మళ్లీ ఠక్కున మరొకటి. ఏం జరుగుతోందో శరభాంకుడికి అర్థం కాలేదు. మాచవ్వకు అయింది.

"ఓరి నా కొడకా, మోకులు కోస్తుండాడు!" ఆమె శరభాంకుడి రెక్క పట్టి నట్టింటికి లాగింది. "నిట్రాటిని కరుచుకో నాయనా, వదలొద్దు!"

వేలాపురిలో గాలివానలో మోకు కోసినవాడికి ఊరు నిప్పివ్వదు, నీళ్లివ్వదు. చచ్చినా మోసేవాళ్లుండరు. శత్రువు ఇంటి కప్పయినా సరే, గాలి లేచాక దాని మీద కత్తి పెట్టరు. కొమరయ్య తన తల్లి ఇంటి మోకులు కోశాడు, అదీ తను పుట్టిన ఇంటివి. గొడ్డలి దెబ్బలు వరసగా పడ్డాయి. సముద్రం వైపు కప్పు ఒక్కసారి లేచింది. గాలి కిందికి దూరింది. ఎన్నో ఏళ్ల తాటాకు, వాసాలు, పిచ్చికగూళ్లు, మసి పట్టిన ఉట్లు అన్నీ కలిసి భూతంలా ఊగి, ఇంటి మీద నుంచి పల్టీ కొట్టి, గుమ్మానికి ఎదురుగా గుంపుగా నిలబడ్డ భటుల నెత్తిన దభేలుమని పడ్డాయి. కేకలు తాటాకు కింద అణిగిపోయాయి. పాకుతూ బయటపడ్డ ఒకరిద్దరు బల్లేలు పారేసి, ఇల్లు లేచి మీదపడింది బాబోయ్ అంటూ పరిగెత్తారు.

కప్పు లేని ఇంట్లో వాన కుండలతో పోసినట్టు పడుతోంది. పొయ్యి బుస్సుమని ఆరిపోయింది. మాచవ్వ నిట్రాటిని పట్టుకుని నిలబడి చుట్టూ చూసుకుంది. మట్టిగోడ దూకి కొమరయ్య లోపలికొచ్చాడు.

"అమ్మా, నా తప్పు కాయి. ఇల్లు పోనాది," అన్నాడు.

"ఇల్లు సంగతి ఇప్పుడెందుకురా. ఈ బిడ్డ చెల్లెలు యాడుంది?"

శరభాంకుడు ముందుకొచ్చాడు. "దళపతీ, నువ్వు చేసిన మేలు నా జన్మలో మరువను. కురంగిని ఎక్కడ ఉంచారో చెప్పు. దారి చూపించు చాలు, కాపలావాళ్ల సంగతి నేను చూసుకుంటాను."

కొమరయ్య అతని కళ్లలోకి చూడలేకపోయాడు. నేల చూపులు చూస్తూ అన్నాడు.

"మేలని అనకు బావూ. ఆ పిల్ల నిట్రాటి గుంటలో ఉంది. పొద్దున్నే దించేసినారు. దించింది ఎవుడో కాదు, నానే. అన్నా అన్నా అని ఏడుస్తా నా మెడ పట్టుకుంది. నానే దాని సేతి ఏళ్లు ఊడదీసి కిందికి వొదిలినాను."

శరభాంకుడి కత్తి కొమరయ్య గొంతుకు ఆనింది. కొమరయ్య కదల్లేదు, గొడ్డలి కింద పడేసి కళ్లు మూసుకున్నాడు. మాచవ్వ వచ్చి కొడుకు చెంప ఛెళ్లుమనిపించింది. మళ్లీ కొట్టింది. ఆమె ఏడుస్తోంది.

"వీణ్ణి చంపాలంటే తర్వాత చంపు నాయనా, నేను అడ్డం రాను," అంది శరభాంకుడితో. "ఆ గుంట లోతూ, దిగే దారీ వీడికే తెలుసు. నీ చెల్లెలు ఎదురుచూస్తాంటాది."

అప్పుడే మేడ దగ్గర శంఖం రెండోసారి మోగింది. మబ్బుల కింద, పడమటి అంచున, ఎర్రటి గీతంత పొద్దు మిగిలి ఉంది. వాన తెర అవతల వందల చేతులు మోకులు పట్టుకున్నాయి. హైలెస్సా అని ఊరంతా ఒక్క గొంతుతో అరిచింది. నల్లటి మాను తల నేల మీద నుంచి మెల్లగా పైకి లేచింది. దాని మొదలు గుంట అంచు మీదికి జరుగుతోంది.

శరభాంకుడు కత్తి దించాడు. వంగి, నేల మీది గొడ్డలి తీసి కొమరయ్య చేతిలో పెట్టి, ఆ చేతిని మణికట్టు దగ్గర గట్టిగా పట్టుకున్నాడు.

"దించిన చేతులే పైకి తియ్యాలి," అన్నాడు. "నడు."

ఇద్దరూ మట్టిగోడ దూకి, లేస్తున్న మాను వైపు వానలో పరుగు లంకించుకున్నారు.